గరిటె అమ్మ చేతికొచ్చిన ఆదివారం

మా నానమ్మ కోళ్లగూడు ముందు మంచు మీద జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్న దగ్గర పోయిన వారం మిమ్మల్ని వదిలేశాను. అది 1959, ఫిబ్రవరి. కొత్తగా చదివేవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెబుతాను, పాతవాళ్లు కాస్త ఓపిక పట్టాలి. మా నాన్న గ్వెర్రీనో 1942లో రష్యా యుద్ధానికి వెళ్లాడు. తిరిగి రాలేదు. పోయాడన్న కబురూ రాలేదు. ఆయన వెళ్లాక నేను పుట్టాను. ఇన్నేళ్లకి మా అమ్మ ఫోస్కా, కింద లోయలో రైలు గేటు కాపలా కాసే నెల్లో అనే ఆయన్ని పెళ్లి చేసుకోవాలనుకుంటోంది. దానికి నాన్న చనిపోయినట్టు అరెజ్జో కోర్టు కాగితం ఇవ్వాలి. ఆ కాగితం ఇచ్చే ముందు ఆయన తల్లి, అంటే మా నానమ్మ, ఏమంటుందో వినాలని జడ్జి కబురు పెట్టాడు. సోమవారం పొద్దున పదింటికి హాజరు. తల్లి ఒప్పుకోకపోతే ఇక ఆ కాగితం మూలన పడ్డట్టేనని గుమాస్తా ముందే చెప్పాడు. నెల్లోకి ఆ నెలాఖరున సముద్రం వైపు బదిలీ. పెళ్లయినవాడికైతేనే అక్కడ గేటు పక్కన ఇల్లిస్తారు.

నానమ్మ జెలిందా మాత్రం ఇంట్లోంచి కదలనని మొండికేసింది. "నేను రాను. మెడబట్టి ఈడ్చుకెళ్లినా ఒకటే మాట చెబుతా. నా కొడుకు గిన్నె నా బల్ల మీదే ఉంది. గిన్నె ఉన్నవాడు చచ్చినట్టెట్లా?" అంది. అమ్మ మరోసారి అడగబోతే, గిన్నెలో పోసుకు తినే మా మినెస్త్ర మీద, పెట్టింది తీసుకో లేదా నీ చావు నువ్వు చావు అనే అర్థంతో మా వైపు అందరూ అనే సామెత విసిరింది. "ఈ మినెస్త్ర తిను, లేకపోతే కిటికీలోంచి దూకు." నేనేమో నానమ్మ పక్షం. పదహారేళ్ల పిల్లకి అమ్మ పెళ్లి కంటే అవమానం మరొకటి ఉండదు. మూడు వారాలుగా అమ్మతో మాట్లాడటం మానేశాను. మాట్లాడితే మాత్రం గుచ్చేట్టు మాట్లాడేదాన్ని.

కథలోకి వెళ్లేముందు ఒక సంగతి. ఫ్లోరెన్స్ నుంచి ఒక పాఠకురాలు కోపంగా ఉత్తరం రాశారు. "మీ నానమ్మ అడుగున రొట్టె ముక్కలు పరిచి పైన పోసేది జుప్ప అవుతుంది. వారం వారం మినెస్త్ర అని రాస్తున్నారు. మీకు వంట వచ్చా?" అని. అమ్మా, మీరన్నది నిజమే. పుస్తకాల్లో అలాగే ఉంటుంది. రొట్టె పడితే జుప్ప, పాస్తానో బియ్యమో పడితే మినెస్త్ర. కానీ మా కాసెంతీనో కొండల్లో పుస్తకం చూసి ఎవరూ వండలేదు. గరిటెతో గిన్నెలోకి దిగిందల్లా మాకు మినెస్త్రే. చిక్కుడు గింజలదైనా అదే, చెస్ట్‌నట్ కాయలదైనా అదే, ఇంట్లో ఏమీ లేనినాడు వేడినీళ్లలో వెల్లుల్లి వేసి ఎండు రొట్టె నానబెట్టిందైనా అదే. నానమ్మ దృష్టిలో అది వడ్డించే పనికి పేరు. ఎవరు పోస్తారు, ఎవరికి ముందు పోస్తారు, ఎవరికి ఎంత పోస్తారు, ఇదంతా కలిపితే మినెస్త్ర. కుండలో ఏముందన్నది ఆ తర్వాతి సంగతి.

నాకిప్పుడు డెబ్బై దాటాయి. అవే తెల్ల చిక్కుడు గింజలు, అదే నల్ల కాబేజీ ఆకు, మార్కెట్లో దొరికినంత మంచి ఆలివ్ నూనె తెచ్చి గ్యాసు పొయ్యి మీద వండుతాను. బాగానే ఉంటుంది. మా మనవలు రెండోసారి అడుగుతారు కూడా. అయినా తింటున్నంతసేపూ ఏదో వెలితి. ఆ మట్టికుండ తెల్లవారుజాము నుంచి నిప్పుల పక్కన కూర్చుని గుడగుడమంటూ ఉంటే ఇల్లంతా అడవిసోంపు వాసన కమ్మేది. ఉప్పు లేని మా రొట్టె వారం రోజులకి రాయిలా అయ్యేది. దాన్ని మోకాలికి ఆనించి కోసి గిన్నెల్లో పరిచే పని నాది. పైన నానమ్మ గరిటె తిప్పి పోస్తే రొట్టె చిన్నగా నిట్టూర్చినట్టు చప్పుడయ్యేది. ఆ చప్పుడు కోసం చెవి ఒగ్గి కూర్చునేదాన్ని. అలాంటి చప్పుడు మళ్లీ ఎక్కడా వినలేదు.

మా ఇంట్లో పోసే వరస ఇదీ. తాతయ్య పోయాక ఇంటి పెద్ద కొడుకు నాన్న. కాబట్టి మొదటి గరిటె నాన్న గిన్నెలోకి. తర్వాత బాబాయి సాంతి. తర్వాత ఆడవాళ్లం. ఆఖరికి కుండ అడుగు గీక్కుని నానమ్మ. నాన్న గిన్నె బల్ల మొదట్లో, పెద్ద కుర్చీ ముందు పెట్టాలి నిజానికి. నానమ్మ దాన్ని బల్ల రెండో చివరకి, గుమ్మం దగ్గరికి మార్చింది. "వచ్చేవాడు నడిచి నడిచి వస్తాడు. గుమ్మంలోనే కూర్చోనివ్వండి," అనేది. అందరూ తినేశాక ఆ గిన్నెలోది మళ్లీ కుండలో పోసి సాయంత్రం వెచ్చబెట్టేది. పేదింట్లో పారబోయడం అనే మాట లేదు. అలా నేను చిన్నప్పటి నుంచి రోజూ మా నాన్న ముట్టని ఎంగిలి తిని పెరిగాను. ఆయన్ని ఒక్కసారీ చూడకపోయినా, మా నాన్న ఇంట్లో లేడని నాకెప్పుడూ అనిపించలేదు. ఆ గిన్నె తీసేస్తుందేమోనన్న భయమే అమ్మ మీద నా కోపానికి అసలు కారణం.

సరే, ఆ ఆదివారానికి వద్దాం.

నానమ్మ చేతికి కట్టు పడ్డాక రెండు రోజులు ఇంట్లో మినెస్త్ర లేదు. వండటానికి ఇద్దరు కోడళ్లున్నారు. గరిటె ఎవరిదన్నది తేలలేదు, అంతే. రొట్టె, జున్ను, చల్లారిన మొక్కజొన్న ముద్ద తిని గడిపాం. ఆదివారం పూట నానమ్మ తనే కుండ ఎక్కించమంది. ఆరోజు చర్చిలో పూజ ఆలస్యమైంది. ఫాదర్ పక్క ఊళ్లో చావుకి వెళ్లి తీరిగ్గా పదకొండింటికి వచ్చాడు. రోజూ పన్నెండు కొట్టేసరికి బల్ల ముందుండే మేం, ఆవేళ ఒంటిగంటకి గానీ ఇల్లు చేరలేదు.

గిన్నెల్లో రొట్టె పరిచాను. ఆరు గిన్నెలు, మనుషులం ఐదుగురం. నానమ్మ చేతిని నల్ల చుట్టుగుడ్డలో మెడకి కట్టుకుని కుర్చీలో కూర్చుంది. గరిటె మేకుకి వేలాడుతోంది. పిన్ని కొరీనా దాని వైపే చూస్తోంది.

"నేను పోస్తాలే అత్తయ్యా. నా చేతులు ఖాళీగానే ఉన్నాయి," అంది పిన్ని.

"నీ చేతులు ఎప్పుడూ ఖాళీయే. అదే కదా నీ జబ్బు," అంది నానమ్మ.

"ఎవరో ఒకరు పొయ్యండే. కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయ్ ఇక్కడ," అన్నాడు బాబాయి.

నానమ్మ వినిపించుకోలేదు. అమ్మ వైపు తిరిగింది. "ఫోస్కా, పెద్ద కోడలివి నువ్వు. రేపెవరి పెళ్లానివవుతావో నాకు తెలీదు. ఇవాళ్టికి మాత్రం గ్వెర్రీనో పెళ్లానివి. తీసుకో."

ఇరవై ఏళ్లుగా ఆ ఇంట్లో ఉన్న అమ్మ ఆ గరిటెని ఎన్ని వందల సార్లు తోమిందో. పట్టుకుని పోసింది మాత్రం ఆనాడే. మొదటి గరిటె ఎటు వెళుతుందన్నదే అందరి చూపూ. నాన్న గిన్నె దాటేసి బాబాయికి పోసిందా, ఇక అంతే, నాన్న పోయినట్టే. నానమ్మ అందుకే గరిటె ఇచ్చిందని నాకు అప్పుడర్థమైంది. కోర్టులో రేపు జరగాల్సింది ఇవాళ బల్ల దగ్గరే తేల్చేద్దామనుకుంది మా నానమ్మ. అంత గడుసుది.

అమ్మ కుండలో గరిటె ముంచింది. అడుగు నుంచి తిప్పి గింజలు పైకి తెచ్చింది. గుమ్మం దగ్గరికి నడిచి నాన్న గిన్నెలో పోసింది. ఒకటి కాదు, పొలం నుంచి వచ్చిన మగాడికి పోసినట్టు నిండా రెండు గరిటెలు. పైన నూనె గుండ్రంగా తిప్పింది.

నానమ్మ గెలిచినట్టు ఊపిరి వదిలింది. నేను సంతోషించాల్సింది పోయి మండిపడ్డాను.

"ఎందుకు పోశావ్? రేపు చచ్చిపోయాడని కాగితం తెచ్చుకోబోయేదానివి, ఇవాళ నిండా పోస్తావా? ఎవర్ని మోసం చెయ్యడానికి?"

"నీ గిన్నె ఇటు తే," అంది అమ్మ.

"నాకొద్దు."

"తే అన్నా. చల్లారిపోతుంది."

బాబాయికి పోసి, నాకు పోసి, పిన్నికి పోసి, నానమ్మకి పోసింది. ఎప్పుడూ అడుగు గీక్కునే నానమ్మకి గట్టి గింజలున్నది వేసి, అడుగుది తను వేసుకుంది. అప్పుడే తలుపు చప్పుడైంది.

వచ్చినవాడికి యాభై దగ్గర ఉంటాయి. బక్కగా, పొడుగ్గా ఉన్నాడు. బయట గోడకి సైకిలు, దానికి సానరాయి కట్టి ఉంది. చలికాలం చివర్లో ఉత్తరాది కొండల నుంచి కత్తులు సానబట్టేవాళ్లు ఇలా దిగుతుంటారు. టోపీ తీసి, "భోజనాలయ్యాయనుకుని వచ్చానమ్మా, తప్పయిపోయింది," అన్నాడు. వెనక్కి తిరగబోయినవాడు గుమ్మం పక్కన బల్ల మీద, ఎవరూ కూర్చోని కుర్చీ ముందు, పొగలు కక్కుతున్న గిన్నె చూశాడు. అతని మొహం వికసించింది.

"ఓహో, మీరూ పెడతారన్నమాట. మా కొండల్లో మాత్రమే ఉందనుకున్నా ఈ ఆచారం," అన్నాడు. శిలువ గుర్తు వేసుకున్నాడు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. చెంచా తీసుకుని తినడం మొదలెట్టాడు.

మా ఇంటి పైకప్పు కూలినా మేం అంత బిగుసుకుపోయేవాళ్లం కాదు. పదహారేళ్లు ఎవరూ వేలు పెట్టని గిన్నె అది. ఒకసారి చిన్నప్పుడు నేను అందులో రొట్టె ముంచితే నానమ్మ వేళ్ల మీద కొట్టింది. బాబాయి లేవబోయాడు. నానమ్మ ఎడమచెయ్యి పైకెత్తి కూర్చోమంది. తింటున్నవాణ్ణి లేపడం మా ఇంటా వంటా లేదు. ఆకలిగొన్నవాడి చేతిలో చెంచా లాక్కున్నారన్న మాట లోయలో పడితే తరతరాలకీ మాసిపోదు. అందుకని, కొడుకు గిన్నెని ఎవరో ఊరూపేరూ లేనివాడు ఖాళీ చేస్తుంటే మా నానమ్మ పళ్లు బిగించి చూస్తూ కూర్చుంది.

అతను తల వంచుకుని తింటున్నాడు. ఆకలి మీదున్నా ఆత్రంగా తినటం లేదు. నాలుగైదు చెంచాలు తిన్నాక ఆగాడు. "అడవిసోంపు వేశారు," అన్నాడు తనలో తను. మరో చెంచా తీసుకున్నాడు. "పందితోలు ముక్క కూడా వేసి తీసేశారు."

ఇంటి గుట్టు ఇంతలా ఎవడికి తెలుస్తుంది? పిన్ని నోరు తెరుచుకుని ఉండిపోయింది. నేను మాత్రం ఉండబట్టలేకపోయాను.

"అది మా నాన్న గిన్నె."

అతను చెంచా కింద పెట్టాడు. మెల్లిగా తలెత్తి నా మొహం చూశాడు. చాలాసేపు చూశాడు.

"మీ నాన్నంటే, గ్వెర్రీనోనా?"

"అవును."

అతను లేచి నిలబడ్డాడు. చేతులు ప్యాంటుకి తుడుచుకుని మళ్లీ టోపీ తీసుకున్నాడు, ఏం చెయ్యాలో తెలీక.

"తల్లీ, క్షమించు. మా వైపు దారిన పోయేవాడి కోసం ఒక గిన్నె గుమ్మం దగ్గర పోసి ఉంచుతారు. ఎవరూ లేని కుర్చీ, పోసి ఉన్న గిన్నె, గుమ్మం పక్కన. ఇంకోలా అనుకోడానికి నాకు తోచలేదు. నా పేరు ఒస్వాల్దో. ఇదే ఇల్లో కాదో లోపలికొచ్చాక అడుగుదామనుకున్నా. తిన్నాక అడగక్కర్లేకపోయింది. ఈ మినెస్త్ర నేను ముందే తిన్నాను."

"ఎక్కడ తిన్నావ్?" అంది నానమ్మ.

"రష్యాలో. ఖైదీల శిబిరంలో. మాకక్కడ తిండి లేదు పెద్దమ్మా. నీళ్లలో ముల్లంగి ఆకు ఉడికించి ఇచ్చేవాళ్లు. అది తాగాక మీ గ్వెర్రీనో మమ్మల్ని చుట్టూ కూర్చోబెట్టి నోటితో వండేవాడు. గింజలు నానబెట్టే దగ్గర్నుంచి మొదలుపెట్టేవాడు. ఎవడైనా తొందరపెడితే, 'ఇంకా ఉడకలేదురా, నోరు మూసుకో' అని తిట్టేవాడు. చివరికి చేతిలో ఏమీ లేకుండానే గరిటె పట్టుకున్నట్టు పట్టుకుని, ఒక్కొక్కడి గిన్నెలో పోసేవాడు. నవ్వకండి. మేం గిన్నెలు చాపేవాళ్లం."

ఎవరూ నవ్వలేదు.

"మాకు పొయ్యకముందు మొదటి గరిటె పక్కన పోసేవాడు. అదెవరికి అంటే, 'మా అమ్మకి. ఇంట్లో ఎప్పుడూ ఆఖర్న తింటుంది, ఇక్కడ ముందు తిననీ' అనేవాడు."

నానమ్మ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. పెదవులు మాత్రం తడుపుకుంది.

"ఆపైన? ఇప్పుడెక్కడున్నాడు వాడు?"

ఒస్వాల్దో అయోమయంగా చూశాడు. నానమ్మని, బాబాయిని, మళ్లీ నానమ్మని.

"అదేంటమ్మా, మీకు తెలీదా? అన్నీ రాశాను కదా. నేను విడుదలై రాగానే, నలభయ్యారు అక్టోబరులో. జ్వరమొచ్చి పోయాడు. నలభై మూడు మార్చిలో. నా చేతుల్లోనే పోయాడు. ఆ ఉత్తరానికి మీ ఇంటి నుంచి జవాబు కూడా వచ్చింది."

నేను నానమ్మ వైపు తిరిగాను. దాచింది ఈవిడే అనుకున్నాను. అమ్మ వెళ్లిపోకుండా, ఇంట్లో పనిచేసే రెండు చేతులు పోకుండా, తెలిసి తెలిసి రోజూ ఆ గిన్నె నింపుతోందని ఆ ఒక్క క్షణంలోనే తీర్పు చెప్పేశాను. బాబాయికీ అదే తోచినట్టుంది.

"అమ్మా, ఉత్తరం వచ్చిందా? నువ్వు తీసుకున్నావా?" అన్నాడు.

"నాకు చదవడం వచ్చేడిస్తే కదరా," అంది నానమ్మ. ఆవిడ చూపు బాబాయి మీద లేదు, నా మీద లేదు. కుండ దగ్గర గరిటె పట్టుకుని నిలబడ్డ అమ్మ మీద ఉంది.

ఒస్వాల్దో కోటు లోపలి జేబులోంచి తోలు పర్సు తీశాడు. అందులోంచి మడతల దగ్గర చిరుగుపట్టిన కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. "ఇదిగో. ఫోస్కా అని సంతకం ఉంది," అన్నాడు. అన్నాక గానీ అతనికి తను ఏం చేశాడో తెలిసినట్టు లేదు. కాగితం వెనక్కి తీసుకోబోయాడు.

"ఉండనీ," అంది నానమ్మ. నా వైపు చూసింది. "చదువు."

"వద్దు," అంది అమ్మ.

"నిన్నడగలేదు. చదవే పిల్లా, నీకు బళ్లో ఆ మాత్రం నేర్పారు కదా."

నేను చదివాను. అది అమ్మ రాతే. ఐదో తరగతితో బడి మానేసిన పిల్ల రాత, గుండ్రంగా, జాగ్రత్తగా. ఆ ఉత్తరం ఇప్పుడు నా దగ్గరే ఉంది. చూడకుండా చెప్పగలను.

'అయ్యా, మీ ఉత్తరం అందింది. మీరు రాసింది నిజమేనని నమ్ముతున్నాను, ఆయన కుడి చెవి కింద పుట్టుమచ్చ సంగతి రాశారు కనుక. ఆఖరి వేళ ఆయన చెయ్యి మీరు పట్టుకున్నారు. నాకు ఆ అదృష్టం లేకపోయింది. బతికున్నంతకాలం మిమ్మల్ని తలుచుకుంటాను. మా మామగారిని పూడ్చి ఇవాళ్టికి మూడో రోజు. అత్తగారు తిండి మానేశారు, మంచం దిగడం లేదు. కొడుకు గిన్నెలో మినెస్త్ర పొయ్యడానికి మాత్రం లేస్తున్నారు. ఆ ఒక్క పని కూడా లేకపోతే ఆవిడ ఇక లేవరు. అందుకని మీరు రాసిన సంగతి నేను ఇంట్లో చెప్పలేదు. ఆవిడ కొంచెం కోలుకున్నాక చెబుతాను. మీరు ఎప్పుడైనా ఈ దారిన వస్తే మా ఇంటికి తప్పకుండా రండి. కానీ దయచేసి భోజనాల వేళ రావద్దు. ఆ వేళకి ఆయన మాతో ఉంటారు.'

చివరి వాక్యం దగ్గర ఆగిపోయాను. మళ్లీ చదవాల్సి వచ్చింది.

"ఆ ఆఖరి మాట నాకు పన్నెండేళ్లుగా అర్థం కాలేదు," అన్నాడు ఒస్వాల్దో తలదించుకుని. "అయినా మాట పాటించాలని పన్నెండింటి నుంచి కింద బావి దగ్గర కూర్చున్నా. ఈ లోయలో పన్నెండుకి తింటారని అందరూ చెప్పారు. ఒంటిగంట కొట్టాక అయిపోయుంటుందిలే అని వచ్చా. ఆదివారం ఆలస్యమవుతుందని నాకేం తెలుసు."

నేను అమ్మని చూడలేకపోయాను. పన్నెండేళ్లు. అప్పుడు నాకు మూడేళ్లు, అమ్మకి ఇరవై ఆరు. ఒస్వాల్దో రాసిన ఆ ఉత్తరం ఒక్కటి బల్ల మీద పెడితే చాలు, ఆమె ఏనాడో తన దారి తను చూసుకునేది. కోర్టు అక్కర్లేదు, జడ్జి అక్కర్లేదు, నెల్లో నాలుగేళ్లు ఎదురుచూడక్కర్లేదు. ఇప్పుడు కూడా ఆ ఉత్తరం సంగతి ఎక్కడా బయట పెట్టకుండా, భర్త ఏమయ్యాడో తెలియని ఆడదానిలా కోర్టు గుమ్మం ఎక్కింది. ఆమెని నేను మూడు వారాలుగా ఏమేం అన్నానో ఒక్కొక్కటీ గుర్తొచ్చింది. సిగ్గుతో చచ్చిపోయాను. ఈ వయసులో కూడా ఆ మాటలు తలుచుకుంటే అన్నం సయించదు.

పొయ్యిలో కట్టె ఒకటి విరిగి పడింది. పిన్ని ముక్కు చీదుకుంది.

"కోలుకున్నాక చెబుతానని రాశావు. ఈ పన్నెండేళ్లలో నేను కోలుకోలేదా?" అంది నానమ్మ చివరికి.

అమ్మ గరిటె కుండలో వదిలేసి వచ్చింది. వచ్చి నానమ్మ ఎదురుగా నిలబడింది. ఆవిడ ఎదుట అమ్మ అంత నిటారుగా నిలబడటం నేనెప్పుడూ చూడలేదు.

"చెబుదామనే ఉండేది అత్తయ్యా. రోజూ అనుకునేదాన్ని. తెల్లారేసరికి మీరు లేచి పొయ్యి రాజేసేవారు. ఇవాళ వాడికి చిక్కగా పొయ్యాలి, చలిగా ఉంది అనేవారు. నేనేం చెయ్యను? ఏ రోజు ఆపమనేది మిమ్మల్ని?"

నానమ్మ ఎడమచేత్తో కళ్లు కాదు, నోరు తుడుచుకుంది. బల్ల అంచు పట్టుకుని లేచింది. బాబాయి సాయం పట్టబోతే విదిలించింది. సగం తిన్న గిన్నె ముందు తలదించుకుని నిలబడ్డ ఒస్వాల్దో వైపు చూసి, "కూర్చో నాయనా. మొదలుపెట్టింది పూర్తి చెయ్యి. చల్లారిపోతుంది," అంది.

అతను కూర్చున్నాడు. చెంచా తీసుకున్నాడు. ఆవిడ అలాగే నిలబడి అతను తినడం చూసింది, ఆఖరి గింజ వరకూ. అప్పుడు అమ్మ వైపు తిరగకుండానే అడిగింది.

"రేపు అరెజ్జో బస్సు ఎన్నింటికి?"

"ఆరింటికి అత్తయ్యా," అంది అమ్మ. ఆమె గొంతు నాకు సరిగ్గా వినిపించలేదు.

"నేనొస్తాను. ఈ అబ్బాయినీ తీసుకెళదాం. ఇవాళ ఇక్కడే పడుకోమనండి." రెండడుగులు వేసి గది గుమ్మంలో ఆగింది. "కానీ ఒకటి. అక్కడ జడ్జి ముందు ఏం చెప్పాలో నాకు ఎవరూ నేర్పకండి. నేను కన్నకొడుకు వాడు. వాడున్నాడో లేడో, ఆ మాట నా నోటితో నేనే చెబుతాను."